టేపు చివర మడత

మా వదిన ఇంట్లో చేసిన చివరి పని టీవీ రిమోట్‌లోంచి సెల్స్ పీకడం.

అప్పటికే ఆవిడ ఆఫీసుకు తయారై, సంచి భుజాన వేసుకుని, ఒక కాలికి చెప్పు తొడుక్కుని ఉంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని రిమోట్‌ని అరచేతిలో చరుస్తున్నాడు. సెల్స్ అయిపోయిన రిమోట్‌కి నాలుగు తగిలిస్తే బుద్ధి తెచ్చుకుంటుందని ఆయన నమ్మకం. వదిన ఒంటి చెప్పుతోనే కుంటుకుంటూ వచ్చి రిమోట్ లాక్కుంది. వెనక మూత తీసి రెండు సెల్స్ బయటికి లాగింది. ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఉండే సెల్లోటేపు చుట్ట అందుకుని, పళ్ళతో తుంచి, ఒక్కో సెల్ రెండు కొనలకీ అంటించింది. అంటించిన ప్రతి ముక్క చివరనీ గోరంత లోపలికి మడిచింది. ఆ మడత ఎంత అలవాటైపోయిందంటే, కళ్ళు గోడ గడియారం మీద ఉండగానే వేళ్ళు ఆ పని ముగించేశాయి. సెల్స్‌ని ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ డబ్బాలో పడేసింది.

"మరి కొత్తవో?" అన్నాడు అన్నయ్య.

"సాయంత్రం తెస్తాను. అందాకా లేచి వెళ్ళి నొక్కుకోండి. టీవీ కూడా మిమ్మల్ని దగ్గర్నుంచి చూసి చాలా కాలమైంది, పాపం."

రెండో చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కొత్త సెల్స్ రాలేదు. ఆవిడా రాలేదు.

వదిన పనిచేసింది ఒక పార్సిల్ డిపోలో. రేకుల కప్పు, సిమెంటు నేల, ఒక పక్క పార్సిళ్ళు దించే అరుగు, ఆ అరుగు చివర ఒక మూలగది. గదిలో పొడుగాటి బల్ల, దాని మీద రంగురంగుల ప్లాస్టిక్ తొట్లు, గోడవారన ఇసుక నింపిన డ్రమ్ము. ఊళ్ళో దుకాణాల ముందు "పాత బ్యాటరీలు ఇందులో వేయండి" అని పెట్టిన డబ్బాలన్నీ చివరికి ఆ బల్ల మీదికే వచ్చి బోర్లపడేవి. వాటిని రకాలుగా విడదీసి, పెట్టెల్లో సర్ది, పెట్టె మీద సరైన గుర్తు అంటించి, ఎక్కడో దూరంగా ఉన్న ఫ్యాక్టరీకి లారీలో పంపాలి. అక్కడ వాటిని విప్పి లోపలి లోహాలు తీసుకుంటారు.

వినడానికి ఇంత తేలిక. మొదట్లో నేనూ అలాగే అనుకుని, ఏరి పోయడానికి ఉద్యోగం ఎందుకు వదినా, జల్లెడ చాలదా అన్నాను. దానికి ఆవిడ ఒంటికాలి మీద లేచింది. చచ్చిన సెల్ నిజంగా చచ్చిపోదట. టార్చిని వెలిగించలేనంత మాత్రాన దాంట్లో ఏమీ లేదని కాదు, కొసప్రాణం ఉంటుంది, రెండు కొనలకీ ఏ నాణెమో తాళంచెవో తగిలితే ఆ కొసప్రాణంతోనే వేడెక్కుతుంది అని చెప్పింది. అందుకే లారీ ఎక్కాలంటే వాటికి ప్రమాదకర సరుకుల నిబంధనలు వర్తిస్తాయి. గడియారాల్లో వేసే మామూలు సెల్స్ ఒక రకం. ఛార్జింగ్ పెట్టుకునేవి ఇంకో రకం. ఫోన్లలో, కెమెరాల్లో ఉండే లిథియంవి వేరే. అవి విడి పెట్టెలో, విడి గుర్తుతో పోవాలి. ఉబ్బినవీ కారినవీ ఎవరితోనూ కలవకూడదు, ఇసుకలోకి పోవాలి. గుండీల్లాంటి చిన్న బిళ్ళల్లో మామూలువీ ఉంటాయి, లిథియంవీ ఉంటాయి. చూడ్డానికి కవలపిల్లలు, వెనక చెక్కిన అక్షరాలు చదివితే తప్ప తేడా తెలియదు. ఆవిడ కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని వాటిని చదివేది. ఆఫీసులో అందరూ ఆవిడని 'టేపు మేడం' అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు, ఆవిడకి కోపం వచ్చేది కాదు.

కోపం వచ్చేది జనం మీద. ఆ డబ్బాల్లో జనం ఏం వేసేవాళ్ళో చెప్పడం మొదలుపెడితే ఆవిడ అన్నం చల్లారిపోయేది. బటన్లు, సేఫ్టీపిన్నులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు, ఒకసారి కట్టుడుపళ్ళ సెట్టు. "పళ్ళకి బ్యాటరీ ఎక్కడుంటుందే? నమిలేటప్పుడు కాంతి వస్తుందా?" అని నన్నే నిలదీసేది, వాటిని నేనే వేసినట్టు.

ఒకసారి ఒక గోనెసంచిలో, తలమీద రెండు బొడిపెలుండే చదరపు బ్యాటరీ, గిన్నెలు తోమే ఇనుపపీచు పక్కపక్కన పడ్డాయి. రెండు బొడిపెలనూ ఆ పీచు కలిపింది. చదరపుదీ మామూలు సెల్లే కదా అని వదిన దాని కొనలకు ఏమీ అంటించకుండానే సంచి కట్టించింది. దారిలో లారీ డ్రైవరుకి వాసన తగిలింది. ఆయన బండి పక్కకి తీసి, పొగ చిమ్ముతున్న సంచిని రోడ్డు మీదికి లాగి, మట్టి పోసి ఆర్పాడు. తిరిగి వచ్చాక ఒక్క మాట అనలేదు. కాలిన సంచిని తీసుకొచ్చి వదిన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ డ్రైవరుకి వదిన పెట్టిన పేరు 'గోడ'. ఏం చెప్పినా తల ఊపుతాడు, ఎంత తిట్టినా తల ఊపుతాడు, గోడకి చెప్పినట్టే ఉంటుందని. నాలుగు తిడితే బాగుండేది, ఆ సంచి పెట్టి పోయాడు చూడు, అది చాలా రోజులు నా నెత్తి మీదే ఉంది అని వదిన అంటూండేది.

అప్పట్నుంచి టేపు పిచ్చి పట్టుకుంది. కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు తెప్పించి ప్రతి సెల్‌నీ తలనుంచి కాళ్ళదాకా చుట్టేసేది, విరిగిన చేతికి కట్టుకట్టినట్టు. కొన్ని నెలలు సరుకు అలాగే వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో కూడా అదే వరస. అన్నయ్య గడ్డం గీసుకునే మిషన్ బ్యాటరీ పాడైతే, అది నల్లటి ముద్దై డబ్బాలో తేలింది. శవాన్ని గుర్తుపట్టడానికి బంధువులు రావాలేమో అన్నాడు అన్నయ్య. వదిన నవ్వలేదు.

తర్వాత లారీల కంపెనీ గేటు దగ్గర కొత్త తనిఖీ అధికారి వచ్చాడు. వచ్చీ రావడంతోనే మా వదిన పెట్టెలు విప్పించాడు. ఒక నల్లముద్దని చేతిలోకి తీసుకుని ఇదేమిటి అన్నాడు. గోడ తల ఊపాడు. ఇది ఏ రకం అని అడిగితే నీ తల ఊపుడేమిటయ్యా అని ఆయనకి చిర్రెత్తింది. రకం రాసి ఉండేది సెల్ ఒంటి మీద. ఒళ్ళంతా టేపు. మామూలుదో లిథియందో చూస్తే తెలియాలి కదా. తెలియని సరుకుని ఎక్కించుకోనని మొత్తం లోడు వెనక్కి పంపేశాడు.

ఆ సాయంత్రం వదిన ఇంటికి వచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంది. కుళాయి కారుతోందని అన్నయ్యని తిట్టింది. కారని కుళాయిని కూడా తిట్టింది. చివరికి తానే బయటపెట్టింది. ఆయన అడిగినదాంట్లో తప్పులేదే, నేను రకాలు విడదీసి విడదీసి, విడదీసిన రకాన్నే కప్పెట్టాను అంది. ప్రతి పెట్టెమీదా ఏముందో రాయడానికి ప్రాణం పెట్టే మనిషి, లోపల ఏముందో కనపడకుండా చేసింది. ఎవరైనా చేస్తారా అలాంటి తప్పు? టేపు మేడమే చేయాలి.

డిపో మేనేజరుకి వదిన పెట్టిన పేరు 'తొందర సారు'. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ అన్నీ నిన్నటికే అయిపోయి ఉండాలి ఆయనకి. ఈ వెనక్కి వచ్చిన లోడుకి ఆయన చూపిన దారి మరీ సులువు. అన్ని పెట్టెల మీదా 'మామూలు డ్రై సెల్స్' అని అంటించేయండి అన్నాడు.

"సెల్ అంటే సెల్లే కదమ్మా. ఉల్లిపాయల్లో రకాలున్నాయని బస్తాకో బోర్డు పెడుతున్నామా?"

"ఉల్లిపాయలు లారీలో అంటుకోవు సార్."

ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని అసలు సంగతి చెప్పాడు. లారీల కంపెనీవాళ్ళు మాట పంపారు: ఇలా ఇంకోసారీ, దాని తర్వాత మరోసారీ జరిగితే, ఇక మన ఊరి బ్యాటరీలు ఎత్తరు. ఎత్తకపోతే దుకాణాల ముందు డబ్బాలు తీసేయాలి. సెల్స్ అన్నీ మళ్ళీ చెత్తకుప్పలోకే. మూలగది మూసేస్తారు, వదినని ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోబెడతారు.

ఎంక్వైరీ అన్న మాట ఇంట్లో చెబుతూ వదిన వణికింది. అది నవ్వులాట కాదు. నా పార్సిల్ ఎప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, ఎప్పుడొస్తుంది అని పొద్దస్తమానం ఒకే ప్రశ్న వినాలి. వారం తిరక్కుండా ఎవరినో ఒకర్ని కొడతానే, చెయ్యి చేసుకున్నాక ఉద్యోగం ఊడి ఇంట్లోనే ఉంటాను, అప్పుడు మీ అన్నయ్యని కొడతాను అంది. కానీ ఆవిడ గొంతులో భయం ఎంక్వైరీ గురించి కాదని నాకు తెలుసు. కాలిన సంచి తర్వాత ఆవిడ ఆ గదిని తన సొంత వంటిల్లులా చూసుకునేది. దాన్ని ఎవరో వచ్చి తాళం వేస్తారంటే తట్టుకోలేకపోయింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు సెలవు పెట్టింది. ఆఫీసు వాళ్ళ శిక్షణ ఏదో ఉందని ఇంట్లో చెప్పి తెల్లారగానే బయల్దేరింది, రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చింది. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. గుడ్డ మీద రక్తపు మరక. గోరు సగం ఊడిపోయింది.

"ఏమైందే?" అని అన్నయ్య కంగారుపడ్డాడు.

"డబ్బా మూత గీరుకుంది."

"ఏ డబ్బా?"

"డబ్బా."

ఇక ఆ విషయం మీద మాట్లాడనని ఆ ఒక్క మాటతో తేల్చేసింది. శిక్షణలో ఏం నేర్పారు అని నేను అడిగాను. టేపు కొనలకి మాత్రమే వేయాలట, లోపల రాత కనపడే టేపు వాడాలట అంది. ఆ మాత్రం దానికి రోజంతా ఎందుకు అని నేను వేళాకోళమాడాను. నీకు తెలియదులే అని గుడ్డ మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

మొత్తం సరుకునంతా మళ్ళీ విప్పి, నల్ల టేపు ఊడదీసి, కొనలకి సెల్లోటేపు వేసి, ఈసారి ప్రతి ముక్క చివరనీ గోరంత మడిచి, రెండోసారి లోడు సిద్ధం చేసింది. ప్రతి పెట్టే తనే సర్దింది, తనే చూసింది. కొనలు కప్పి ఉన్నాయి, రాత కనపడుతోంది, రకాలు కలవలేదు. పెట్టెలు అరుగు మీద వరుసగా నిలబెట్టించి టీ తాగడానికి వెళ్ళింది.

ఆ వెళ్ళిన కాసేపట్లో వాచ్‌మన్ తాత వచ్చాడు. ఆయన పాత ఫోను బ్యాటరీ ఉబ్బి, ఇంట్లో చాలా రోజులుగా పడి ఉంది. అలాంటివి చెత్తలో పడేయకూడదని వదిన ఆయనకి ఎన్నోసార్లు చెప్పింది. మంచి పని చేద్దామని ఆయన ఒక పెట్టె మూత కొంచెం పైకెత్తి, ఉబ్బిన బ్యాటరీని లోపలికి జార్చి, మూత మళ్ళీ జాగ్రత్తగా అంటించాడు. అది మామూలు సెల్స్ పెట్టె. గేటు దగ్గర తనిఖీ అధికారి అన్ని పెట్టెల్లోంచీ ఆ పెట్టెనే ఎంచుకుని విప్పాడు. అదృష్టం అంటే అలా ఉంటుంది.

లోడు వెనక్కి వచ్చింది. వదిన ఉబ్బిన బ్యాటరీని పట్టకారుతో పట్టుకుని అరుగంతా తిరుగుతూ ఎవరిదిది, ఎవరిదిది అని అడుగుతుంటే తాత సంబరంగా ముందుకొచ్చాడు. నాదేనమ్మా, ఇంట్లో పెట్టుకోకూడదని మీరేగా చెప్పారు, వేసేశాను అన్నాడు. ఇంటికి వచ్చాక వదిన ఇది చెబుతూ మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"తిట్టడానికి నోరు రాలేదే. నేను చెప్పిందే చేశాడు. తప్పు పెట్టెలో చేశాడు. ఇక ఎవరి మీద అరవమంటావ్?"

నా మీద అరుచుకో అన్నాను. నీ మీద అరిచీ అరిచీ గొంతు పోయింది అంది.

ఇక మిగిలింది ఒక్క లోడు. అది కూడా వెనక్కి వస్తే గది మూతే. తొందర సారు కనికరించి మధ్యాహ్నాల్లో ప్యాకింగ్ విభాగం నుంచి ఇద్దరు ఆడవాళ్ళని సాయమిచ్చాడు. కానీ ఒక షరతు పెట్టాడు. టేపు చివర ఆ మడతలు మానేయాలి. ఆ మడతల మూలంగా పని సగం వేగంతో నడుస్తోంది, టేపు చుట్టలు ఎక్కువ పడుతున్నాయి, లోడు పదిరోజులు ఆలస్యమైంది, నిబంధనల్లో మడత అన్న మాటే లేదు. అన్నీ నిజమే. వదిన నీళ్ళు నమిలింది. అలవాటైపోయింది సార్, వేళ్ళు వినడంలేదు అంది. నిబంధనల పుస్తకాన్ని అందరి మొహాన పెట్టే మనిషి నిబంధనల్లో లేని మడత కోసం ఎందుకు మొండికేస్తోందో ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆ సాయమొచ్చిన ఇద్దరూ మడతలు పెట్టేవారు కాదు. వాళ్ళు వెళ్ళాక వదిన కూర్చుని వాళ్ళు వేసిన టేపులన్నిటికీ చివరలు లేపి, మళ్ళీ మడిచేది. సాయం తీసుకున్న పని రెండింతలైంది.

ఒక సెలవుదినం నేనూ వెళ్ళాను. ఆ గది నాకు అంతకుముందు మాటల్లోనే తెలుసు. లోపల లోహపు వాసన, కొంచెం పుల్లగా, నాలుక వెనకాల తగిలేట్టు. కిటికీకి అట్ట అంటించి ఉంది, ఎండ సెల్స్ మీద పడకుండా. బల్ల అంచు ఆవిడ కూర్చునేచోట నున్నగా అరిగి ఉంది. వదిన నాకు మామూలు సెల్స్ తొట్టి ఇచ్చింది, అందులో ప్రమాదం తక్కువని. నేను గబగబా టేపు తుంచి కొనలకి అంటించి పక్కన పెడుతున్నాను. కొంత సేపయ్యాక చూస్తే, నేను పెట్టినవాటిని ఆవిడ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని, టేపు చివర గోటితో లేపి మడుస్తోంది. ఆ సగం గోటితో. నాకు ఒళ్ళు మండింది. లోడు ఆలస్యమైతే గది పోతుందని ఏడుస్తున్నది ఆవిడే, ఆలస్యం చేస్తున్నదీ ఆవిడే.

"ఎవరు చూస్తారు వదినా ఆ మడతల్ని?"

"చూడరు."

అంతే. తల ఎత్తలేదు. నీ చేతికి టేపు రాదు గానీ వెళ్ళి పుస్తకం చదువుకో పో అంది. నేను అలిగి బయట అరుగు మీద కూర్చున్నాను. వాచ్‌మన్ తాత వచ్చి, పెట్టెల దగ్గరికి ఎవర్నీ రానివ్వడంలేదమ్మా, నన్ను కూడా నేను రానివ్వడంలేదు అన్నాడు.

మూడో లోడు బయల్దేరింది ఆ రిమోట్ రోజున. మధ్యాహ్నం పెట్టెలు లారీలోకి ఎక్కించారట. వదిన ప్రతి పెట్టె మూతనీ చేత్తో తట్టి చూసిందట. గోడ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాక కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఈసారి వెనక్కి తెచ్చావో, నిన్ను ఎంక్వైరీలో కూర్చోబెడతాను" అందట. గోడ తల ఊపాడట. లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తర్వాత బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని, కాసిని మంచినీళ్ళు ఇవ్వమని అడిగిందట. నీళ్ళు తెచ్చేలోపే పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదని డాక్టరు చెప్పాడు. గుండె అన్నాడు. ముందు ఏమైనా నొప్పి అని చెప్పేదా అని అడిగాడు. ఆవిడ చెప్పే రకం కాదు. ఊరివాళ్ళ నిర్లక్ష్యం గురించి పూటకోసారి చెప్పే మనిషి, తన ఒంట్లో జరిగేదాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

డిపోలో జరిగిందంతా నాకు వాచ్‌మన్ తాత చెప్పాడు. చెబుతూ ఆయన నీళ్ళగ్లాసుని పట్టుకున్నట్టే చెయ్యి గాల్లో పట్టుకున్నాడు.

తర్వాతి రోజుల్లో ఇంటికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ఆవిడ ఎంత మంచిదో చెప్పారు. నాకు కావలసింది అది కాదు. లోడు గేటు దాటిందా? ఒక్కరైనా చెబుతారేమోనని ప్రతివాళ్ళ మొహంకేసీ చూసేదాన్ని. ఆవిడకి తెలియకుండా పోయింది, కనీసం నాకైనా తెలియాలి అనిపించేది. తొందర సారు వచ్చాడు. చాలా కచ్చితమైన మనిషమ్మా అన్నాడు. లోడు సంగతి అడిగాను. కనుక్కుంటానన్నాడు. వెళ్ళేటప్పుడు గది బీరువా తాళంచెవి అడిగి తీసుకున్నాడు. వారం ఆగి ఫోను చేశాను, కనుక్కుంటానమ్మా అన్నాడు. మళ్ళీ చేశాను, ఆయన బయటికి వెళ్ళాడన్నారు. మూడోసారి ఎంక్వైరీకి కలిపారు. ఎంక్వైరీలో ఉన్నావిడ మీ పార్సిల్ నంబరు చెప్పండి అంది. నాకు నంబరు తెలియదు. నంబరు లేకుండా ఏమీ చెప్పలేం మేడం అంది. ఫోను విసిరికొట్టబోయి, దాంట్లో బ్యాటరీ ఉందని ఆగాను.

ఆఖరికి నేనే వెళ్ళాను. మూలగది తెరిచే ఉంది. బల్ల దగ్గర, బుకింగ్ నుంచి మార్చిన ఒకాయన కూర్చుని పని చేస్తున్నాడు. వదిన కుర్చీ మీద దిండు వేసుకున్నాడు. సెల్స్ కొనలకి టేపు చకచకా అంటించి తొట్లో విసురుతున్నాడు. చివరలు నున్నగా అతుక్కుని ఉన్నాయి. మునుపటి లోడు అందిందా అని అడిగాను.

"వెనక్కి రాలేదంటే వెళ్ళినట్టేగా అమ్మా."

"వెళ్ళినట్టేనా, వెళ్ళిందా?"

ఆయన నా వంక జాలిగా చూసి, టీ తాగుతారా అన్నాడు. వద్దని వచ్చేశాను. దారి పొడుగునా పళ్ళు నూరుకున్నాను. గది ఉంది కదా, మూయలేదు కదా, అంటే వెళ్ళే ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఎవరైనా నోరు తెరిచి 'వెళ్ళింది' అనడానికి ఏం పోయింది?

ఇంట్లో అన్నయ్య రిమోట్‌కి కొత్త సెల్స్ వేయలేదు. చానల్ మార్చాలంటే లేచి వెళ్ళి టీవీ దగ్గర నిలబడి నొక్కుతున్నాడు. నేను కొనుక్కొస్తానంటే వద్దన్నాడు. టీవీ నన్ను దగ్గర్నుంచి చూడాలిగా అన్నాడు. ఫ్రిజ్ మీద డబ్బాని మేమిద్దరం ముట్టుకోలేదు.

గోడ వచ్చింది చాలా ఆలస్యంగా, అందరూ రావడం మానేశాక. లారీని వీధి చివర ఆపుకుని నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి రమ్మంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అన్నయ్య ఊళ్ళో లేడు. నేను టీ ఇచ్చాను. దాన్ని పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. గోడని ఏం అడుగుతాం. చివరికి తనే మాట్లాడాడు. అంతకాలంలో ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి. పెద్ద గొంతు కాదు, బొంగురుగా ఉంది.

"ఆ లోడు వెళ్ళిందమ్మా. ఒక్క పెట్టె విప్పాడు. చూశాడు. మూసేసి, పోనీ అన్నాడు."

అదే. నెలలుగా నేను అడుగుతున్నది అదే. నేను లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. వచ్చేసరికి ఆయన టీ తాగేసి, లేచి నిలబడి, ఫ్రిజ్ మీది డబ్బా వంక చూస్తున్నాడు. డిపోకే వెళ్తున్నాను, అవి ఇస్తే తీసుకుపోయి ఇచ్చేస్తానన్నాడు. నేను డబ్బా దించాను. ఆయన రిమోట్ సెల్ ఒకటి తీసి, మడత పట్టుకుని మెల్లగా లాగాడు. టేపు ఒక్క ఊపున ఊడి వచ్చింది. దాన్ని మళ్ళీ అంటించి, ఆ సెల్‌ని జేబులో వేసుకున్నాడు.

ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు అడుగుతున్నారమ్మా, ఇప్పుడు మడతలు రావడంలేదేమని అన్నాడు. ఏ ఆడవాళ్ళని అడిగాను. టేపులు ఊడదీసేవాళ్ళట. సెల్‌ని మిషన్లో వేసేముందు టేపు తీయాలట, అది చేత్తోనే తీయాలట, రోజంతా అదే పనట. మడత ఉంటే పట్టు దొరుకుతుంది, లేకపోతే గోళ్ళతో గీకాలి. ఇది మీకెలా తెలుసు అన్నాను. ఆయన గుమ్మం వైపు చూశాడు. మొదటి లోడు వెనక్కి వచ్చినప్పుడు టేపు ఎలా వేయాలో వాళ్ళనే అడుగుతానని మేడంగారు పట్టుబట్టారు, ఖాళీ పెట్టెలు తేవడానికి వెళ్ళే బండిలో ఎక్కించుకుపోయాను అన్నాడు. క్యాబిన్‌లో బయటివాళ్ళు ఎక్కకూడదని నిబంధన, తెలిస్తే నా ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు అన్నాడు.

అక్కడ పీపాల నిండా నల్ల టేపు చుట్టిన సెల్సట, ఆ కొన్ని నెలల్లో మా ఊరి నుంచి వెళ్ళినవే. వాళ్ళు వాటిని గీకి గీకి, ఈ చుట్టినది ఎవరోగానీ అని తిట్టుకుంటున్నారట. వదిన వాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుందట. సాయంత్రం దాకా తను చుట్టిన టేపుని తనే ఊడదీసిందట. గోరు అక్కడే లేచిపోయిందట.

"చుట్టింది నేనేనని మాత్రం వాళ్ళకి చెప్పొద్దన్నారమ్మా, తిరిగి బండెక్కేముందు," అన్నాడు గోడ. "నేను చెప్పలేదు."